డాక్టర్ లూసీ విల్స్: రక్తంతో పాటు కంచం కూడా చూసిన డాక్టరమ్మ

ఈసారి గోడపత్రికకి ఎవరైనా ఒక గొప్పవాళ్ళ జీవితం రాయమని మేడమ్ చెప్పినప్పుడు, నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాద్దామనుకున్నాను. సగం రాశాను కూడా. సరిగ్గా ఆ వారమే మా అక్క పుట్టింటికి వచ్చింది. అప్పుడు ఐదో నెల. మా ఇల్లు మొదటి అంతస్తులో ఉంది. పద్దెనిమిది మెట్లు ఎక్కడానికి అక్క రెండుసార్లు ఆగి కూర్చుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. రెండో రోజు పూజ గూట్లో విభూతి పెట్టె ఖాళీగా కనబడింది. అవ్వ ఎవరు తీశారని అడిగితే అక్క తల వంచుకుంది. అదంతా తనే తినేసిందట.

అక్క అత్తగారి ఊరు తిరుత్తణి దగ్గర పల్లె. వాళ్ళకి మల్లెతోట ఉంది. తెల్లవారక ముందే తడి మట్టిలో దిగి మొగ్గలు కోయాలి. మూడో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. అక్కడ చూపించుకున్న ఒక క్లినిక్‌లో ఇనుము మాత్రలు రాసి, ఆకుకూరలు, ఖర్జూరం తినమన్నారు. ఆరు వారాలయ్యాక మళ్ళీ చూస్తే 7.4. మాత్రలు మింగకుండా అబద్ధం చెప్తున్నావని అక్కనే తిట్టారట. అక్క ఏడుస్తూ వచ్చింది. మాత్రల అట్టలు దాచి తెచ్చింది, అన్నీ ఖాళీవే.

చెన్నైలో వేరే డాక్టరమ్మ దగ్గరికి అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. ఆవిడ మాత్రల గురించి తర్వాత అడిగింది. ముందు ఏం పని చేస్తావు, తోటలో చెప్పులు వేసుకుంటావా, ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, తోట పక్కన అందరూ బయటికి వెళ్తారా అని అడిగింది. తర్వాత మలపరీక్ష రాసింది. కొంకి పురుగు గుడ్లు కనబడ్డాయి. ఎన్ని మాత్రలు మింగినా లోపల ఆ పురుగులు రక్తం పీలుస్తూనే ఉన్నాయన్నమాట. మొదటి మూడు నెలల్లో పురుగుల మందు ఇవ్వరు, ఆ తర్వాత ఇవ్వొచ్చు. ప్రభుత్వ కార్యక్రమంలో కూడా మూడో నెల దాటిన గర్భిణులకి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇవ్వాలనే ఉంది. అక్కకి అప్పుడు ఆ ఒక్క మాత్ర వేశారు. ఇనుము మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. రెండు నెలల్లో 9.8కి వచ్చింది.

ఆ అట్ట మీద ఇనుము పక్కన ఫోలిక్ యాసిడ్ అని ఉంటుంది. బడిలో మనకి వారానికోసారి ఇచ్చిన నీలం మాత్రలో కూడా ఇవే రెండూ ఉన్నాయి. మనలో చాలామంది ఆ మాత్ర కిటికీలోంచి పారేసినవాళ్ళమే, నేను కూడా. ఈ ఫోలిక్ యాసిడ్ ఎవరు కనిపెట్టారా అని వెతుకుతూ పోతే లూసీ విల్స్ దొరికింది. దుర్గాబాయి గారు క్షమించాలి.

మొదట అంతా చేశారు, వెళ్ళారు అని మర్యాదగానే రాశాను. కానీ నెల రోజులు ఈవిడతోనే గడిపేసరికి ఇంట్లో మనిషిలా అయిపోయింది. అందుకే చేసింది, వెళ్ళింది అనే రాస్తున్నాను.

లూసీ 1888 మే 10న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర సటన్ కోల్డ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టింది. వాళ్ళది కొడవళ్ళు, పెద్ద గడ్డికత్తులు తయారుచేసే వ్యాపారం. తండ్రి సైన్సు చదివినవాడు. తల్లి ఒక డాక్టరు కూతురు. చెల్టెన్‌హామ్‌లో ఆడపిల్లల బడి, తర్వాత 1907లో కేంబ్రిడ్జిలో న్యూన్‌హామ్ కాలేజీ. అక్కడ వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి పరీక్షలు పాసయింది. డిగ్రీ మాత్రం రాలేదు. ఆడవాళ్ళు పాఠాలు వినొచ్చు, పరీక్ష రాయొచ్చు, పాసవ్వొచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకి పట్టాలివ్వడం 1948లో గానీ మొదలుకాలేదు. అప్పటికి లూసీకి అరవై ఏళ్ళు.

1911లో తండ్రి పోయాడు. 1913లో అక్క ఈడిత్ పోయింది, ఇరవై ఆరేళ్ళకే. ఆ రెండు చావుల తర్వాత లూసీ తల్లిని తీసుకుని సిలోన్ వెళ్ళింది. మరుసటి ఏడు తమ్ముడితో దక్షిణాఫ్రికా వెళ్ళింది. అక్కడ ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తమ్ముడు సైన్యంలో చేరాడు, లూసీ కేప్ టౌన్‌లో ఒక ఆస్పత్రిలో జీతం లేని నర్సుగా పనిచేసింది. మొక్కలు, రాళ్ళు చదివిన మనిషి డాక్టరు కావాలనుకోవడానికి ఆ ఆస్పత్రే కారణమని నా ఊహ.

1915 జనవరిలో లండన్ ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చేరింది. ఆ కాలేజీకి మనదేశంతో చాలా సంబంధం ఉంది. చిన్నప్పుడు చేసిన పెళ్ళిని ఒప్పుకోనని బొంబాయి హైకోర్టుదాకా వెళ్ళిన రఖ్మాబాయి డాక్టరయింది అక్కడే. మన చేపాక్‌లో గోషా ఆస్పత్రి పెట్టించిన మేరీ షార్లీబ్ చదివిందీ అక్కడే, మద్రాసు మెడికల్ కాలేజీ తర్వాత. లూసీ 1920లో డాక్టరయింది, ముప్పై రెండేళ్ళకి. అంత ఆలస్యంగా డాక్టరయినా రోగుల్ని చూసే వైపు వెళ్ళకుండా రాయల్ ఫ్రీ ఆస్పత్రి ప్రయోగశాలలో చేరింది. అక్కడ గర్భిణుల జబ్బుల గురించి పరిశోధన చేసే విభాగం ఉండేది.

ఇక బొంబాయి. 1920ల్లో మనదేశంలో కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవాలని మార్గరెట్ బాల్ఫోర్ అనే డాక్టరమ్మ విచారణ మొదలుపెట్టింది. అందులో ఒక చిక్కుముడి రక్తహీనత. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు ఎందరో పాలిపోయి, వాచిపోయి, కాన్పు ముందో వెనకో ప్రాణం పోగొట్టుకుంటున్నారు. దాని సంగతి చూడమని లూసీని రప్పించారు. 1928లో నలభై ఏళ్ళ వయసులో ఓడ దిగి పరేల్‌లో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టింది. (ఆ మిల్లుల్లో మన తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు కూడా మగ్గాలు నడిపారు. కాబట్టి ఇది మనవాళ్ళ పేటల కథ కూడా.)

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి. నేను ఆర్ట్స్ దాన్ని, నాకు అర్థమయినట్టే చెప్తాను. రక్తహీనత అంటే ఒకటే జబ్బు కాదు. మా అక్కది ఇనుము లేక వచ్చింది. పురుగు రక్తం తాగేస్తుంది, రక్తంతో పాటు ఇనుము పోతుంది. అప్పుడు సూక్ష్మదర్శినిలో ఎర్రకణాలు చిన్నగా, వెలిసిపోయినట్టు ఉంటాయి. మలేరియా అయితే పరాన్నజీవి కణంలో దూరి దాన్ని పగలగొట్టి బయటికి వస్తుంది. గర్భిణుల్లో అది మావిలో కూడా తిష్ట వేస్తుంది, బిడ్డ బరువు తగ్గిపోతుంది. లూసీ చూసిన బొంబాయి ఆడవాళ్ళలో చాలామంది కణాలు ఇలా చిన్నగా లేవు. మామూలుకన్నా పెద్దగా, ఉబ్బినట్టు ఉన్నాయి, లెక్కకి మాత్రం చాలా తక్కువ. అంటే ఇనుము పోయిన కథ కాదు. కణాలు తయారయ్యే చోటే ఏదో సరుకు తక్కువయింది.

అలాంటి పెద్ద కణాల జబ్బు ఇంగ్లండ్, అమెరికాల్లో ముసలివాళ్ళకి వచ్చేది. దానికి మందు లేదు, వస్తే చావే. 1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికా డాక్టర్లు రోజూ కాలేయం తినిపిస్తే బతుకుతారని చూపించారు, తర్వాత నోబెల్ కూడా వచ్చింది. బొంబాయి తల్లులది కూడా అదే జబ్బని అందరూ పేరు పెట్టేశారు. పేరు పెట్టేస్తే వెతకడం ఆగిపోతుంది కదా. లూసీ మాత్రం ఆగలేదు. ఆ ముసలివాళ్ళ కడుపులో ఆమ్లం ఉండదు, ఈ ఆడవాళ్ళ కడుపులో ఉంది. అంటే పైకి ఒకేలా ఉన్నా ఇది వేరే జబ్బు.

తర్వాత ఆమె చేసిన పనే నాకు అన్నిటికన్నా నచ్చింది. రక్తం చుక్క తీసుకుని ప్రయోగశాలలో కూర్చోకుండా, వాళ్ళు ఏం తింటున్నారో, ఎలాంటి గదుల్లో ఉంటున్నారో లెక్క తీయించింది. తల్పడే అనే సహ పరిశోధకులతో కలిసి బొంబాయి ఆడవాళ్ళ తిండి, ఇంటి పరిస్థితుల మీద 1930లో ఒక సర్వే ప్రచురించింది. మతాలవారీగా, తరగతులవారీగా చూస్తే, కంచంలో పాలు, మాంసం, పండు, ఆకుకూర తక్కువున్న ఇళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువ. అందరికన్నా పేద ముస్లిం ఆడవాళ్ళ తిండి హీనంగా ఉంది, జబ్బూ వాళ్ళకే ఎక్కువ. గోషాలో ఉండే మనిషి ఏం తిన్నదో అడగడానికి ఆడ డాక్టరే కావాలి. మగ డాక్టరు అయితే గుమ్మం దాటేవాడు కాదు.

తిండే కారణమని అనుమానం వచ్చింది, కానీ రుజువు కావాలి. ఎండలకి బొంబాయి వదిలి 1929లో కూనూరు వెళ్ళింది. అక్కడ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మెక్‌కారిసన్ గారి పోషకాహార పరిశోధన జరుగుతుండేది. ఆ పేద తల్లులు తినే తిండినే ఎలుకలకి పెట్టింది. చూలు ఎలుకలు పాలిపోయి, ఈనకముందే చచ్చిపోయాయి. తిండిలో ఈస్ట్ కలిపితే బతికాయి. అంతా సరిగ్గా కుదిరినట్టే అనిపించింది. తర్వాత చూస్తే ఆ ఎలుకలకి పేలు ఉన్నాయని తేలింది! పేలు పట్టిన ఎలుకకి పేల వల్ల కూడా రక్తం తగ్గవచ్చు. ఎంత తిండి వల్ల, ఎంత పేల వల్ల?

ఇది చదివినప్పుడు నాకు అక్క గుర్తొచ్చింది. అక్కడ పురుగుని చూడకుండా తిండి తక్కువన్నారు. ఇక్కడ లూసీ తిండే కారణమని గట్టిగా నమ్మిన మనిషి, అయినా పేలు కనబడగానే తన ప్రయోగాన్ని తనే అనుమానించాల్సి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి, ఈసారి కోతులతో చేశారు. (కోతుల సంగతి చదువుతుంటే నాకు బాధే వేసింది. మా వీధి ఆంజనేయుడి గుడి ముందు ఇది చెప్పలేను.) కోతులకి కూడా అదే తిండితో అదే జబ్బు వచ్చింది, ఈస్ట్ సారంతో తగ్గింది.

ఆ ఈస్ట్ సారమే మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్‌తో చేసే నల్లటి, ఉప్పటి జిగురు. ఇంగ్లండ్‌లో రొట్టె మీద పూసుకుంటారు. నేను అన్నాసలైలో ఒక పెద్ద కొట్టులో చిన్న సీసా కొని నాకి చూశాను. ఉప్పు ఎక్కువైన చింతపండు తొక్కు మాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. అవ్వ వాసన చూసి సీసా బయట పెట్టేసింది. కానీ బొంబాయిలో ఆ జిగురు పెట్టిన కొన్ని రోజులకే తల్లుల రక్తంలో కొత్త కణాలు పుట్టుకొచ్చాయి. కాలేయం నుంచి తీసిన మందులు ఖరీదు, మార్మైట్ చవక. లూసీ చవకైనదే వెతికింది. మందు ఎంత గొప్పదైనా మిల్లు కూలీ కొనలేకపోతే ఆమెకి లెక్కలోకి రాదు. 1931లో ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

ఆ 1931 మొదట్లోనే లూసీ మద్రాసులో పనిచేసింది. ఎక్కడో తెలుసా? మన గోషా ఆస్పత్రిలో! ఇప్పుడు కస్తూర్బా గాంధీ ఆస్పత్రి అంటారు, కానీ మా అవ్వకి ఇప్పటికీ అది గోషాస్పత్రే. మా అమ్మ పుట్టింది అక్కడే. వెంకటగిరి రాజావారి విరాళంతో కట్టిన ఆస్పత్రి అది. నేను దాని ముందునుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఇది తెలిశాక ఒక ఆదివారం దిగి గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. లోపలికి ఎందుకని కావలాయన అడిగితే ఏం చెప్పాలో తోచక వచ్చేశాను.

1933 నుంచి లండన్‌లోనే ఉద్యోగం. 1937 చివర్లో మళ్ళీ పది వారాలకి బొంబాయి వచ్చింది, ఈసారి నీటి మీద దిగే విమానంలో, కరాచీదాకా అయిదు రోజుల ప్రయాణం. ఆ వచ్చినప్పుడు అసలు ముడి విప్పింది. కాలేయం నుంచి తీసిన ముతక సారం పనిచేస్తోంది, బాగా శుద్ధి చేసిన సారం మాత్రం ఈ తల్లుల మీద పనిచేయడం లేదు. అంటే శుద్ధి చేసేటప్పుడు పారబోసిన దానిలోనే అసలు మందు ఉంది. దాన్ని కొన్నాళ్ళు విల్స్ ఫాక్టర్ అన్నారు. 1941లో అమెరికాలో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడంత తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. అంటే ఆకుకూరలు తినమన్న ఆ క్లినిక్ మాట తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. ఆకుకూర గంటసేపు ఉడకబెట్టి కవ్వంతో చిలికితే ఈ ఫోలిక్ యాసిడ్ చాలావరకు పోతుంది, మా ఇంట్లో చేసేది అదే.

ఇక్కడ మనవాడొకరు కథలోకి వస్తారు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో శరీరానికి దక్కకుండా పోయేవాటిలో ఫోలిక్ యాసిడ్ ఒకటి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అందువల్లే అది నాలుగు టన్నుల పాలకూర లేకుండా మాత్రగా మన చేతికి వచ్చింది. అదే ప్రయోగశాల నుంచి 1947లో బోదకాలు మందు హెట్రజాన్ వచ్చింది. అది కూడా పరాన్నజీవి మీద మందే. బోదకాలు మాత్రలు పంచడానికి ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త ముందు ఇంట్లో గర్భిణి ఉన్నారా అని అడుగుతుంది, ఉంటే ఆమెకి ఇవ్వదు. ఒకే చోట పుట్టిన రెండు మాత్రలు, ఒకటి గర్భిణికి తప్పకుండా ఇవ్వాలి, ఒకటి ఇవ్వకూడదు. ఏది ఎవరికో అడిగి తెలుసుకోవలసింది ఇచ్చే మనిషే. సుబ్బారావు గారు 1948లోనే చనిపోయారు, యాభై మూడేళ్ళకి.

లూసీకి నోబెల్ రాలేదు. దాని గురించి నాకు కోపంగానే ఉంది. ఇంకో అసంతృప్తి కూడా ఉంది, అది లూసీ మీద కాదు. మార్మైట్‌తో బాగయిన ఆ తల్లి మళ్ళీ అదే గదికి, అదే జీతానికి, అదే కంచానికి వెళ్ళింది. రెండో కాన్పుకి మళ్ళీ ఏమయి ఉంటుంది? దానికి ఒక డాక్టరు చేయగలిగింది కొంచెమే.

రెండో ప్రపంచ యుద్ధంలో లూసీ లండన్‌లోనే ఉంది. 1944 జూలైలో ఆస్పత్రి మీద ఎగిరే బాంబు పడింది, మనుషులు చనిపోయారు, కొద్ది రోజుల్లోనే ప్రయోగశాల మళ్ళీ తెరిచారు. 1947లో రిటైరయింది. ఇంట్లో కూర్చోకుండా జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా తిరిగి అక్కడి తల్లుల రక్తం, తిండి చూసింది. పెళ్ళి చేసుకోలేదు. కొండలెక్కడం, మంచు మీద జారడం ఇష్టం. పనికి సైకిల్ మీద వెళ్ళేది. చివరి పదేళ్ళు చెల్సీలో లేబర్ పార్టీ తరపున కౌన్సిలర్‌గా ఉంది. 1964 ఏప్రిల్ 16న చనిపోయింది, డెబ్బై ఆరు నిండడానికి ఇంకా నెల తక్కువ. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నెముక లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో తేలింది, అది ఆమె చూడలేదు.

అక్కకి ఇప్పుడు తొమ్మిదో నెల. సీమంతానికి ఊరెళ్ళినప్పుడు చెప్పుల గొడవ అయింది. తోటలో అందరూ చెప్పులు వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పిందంటే అక్క అత్తగారు ఒప్పుకోలేదు. ఆ పూలు తిరుత్తణి స్వామికి పోతాయి, చెప్పుకాళ్ళతో కోస్తే పాపమంది. బావ ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత ఫోన్‌లో చెప్పాడు. కొత్త రబ్బరు చెప్పులు ఆరు జతలు కొని, పసుపు రాసి గట్టు మీద పెట్టాడట. వాటితో ఇంకెక్కడా నడవకూడదు, తోటకి మాత్రమే. అత్తగారు రెండు రోజులు వాటిని దాటుకుంటూ వెళ్ళి, మూడో రోజు వేసుకుందట.